గుమ్మడికాయ ఆటలో దీపం మారిన సాయంత్రం

తుళజాబాయిని ఎవరేమడిగినా వెంటనే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తన పని తాను చేసుకుంటూ ఉండేది. ఆ పనిలోనో, ఆ పూట జరిగే మరో పనిలోనో జవాబు దానంతటది దొరకాలి. తోలుబొమ్మలాట ఆమె దగ్గర నేర్చుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. విఠోబాకు మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు అతను జవాబు నోటితోనే చెప్పించుకోవాలని వచ్చాడు. వస్తూ వస్తూ బొమ్మల పెట్టె కూడా నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

ఆవిడ అరుగు మీద కూర్చుని మేకతోలు గీకుతోంది. పెట్టెను ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది. అతను దాన్ని దించి, తన బాధంతా చెప్పుకొచ్చాడు. ఆవిడ అల్లిన గుమ్మడికాయ ఆటే అతని బతుకు. ఎలుగుబంటి అత్తారింటికి పెద్ద గుమ్మడికాయ మోసుకుపోతుంటుంది. వెనక వేలాడుతూ ఒక ఎలుక దాన్ని తొలిచి తింటూ ఉంటుంది. కాయ ఎందుకు తేలికవుతోందో ఎలుగుకు అర్థం కాదు, చూసే పిల్లలందరికీ తెలుసు. ఒకప్పుడు ఆ ఆటకు పిల్లలు నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడిపోయేవాళ్లు. ఇప్పుడు సగంలో లేచి పోతున్నారు. ఎలుగు చేతికి తోలుతో సెల్‌ఫోను చేసి పెట్టాడు, మోటారు సైకిలు ఎక్కించాడు, రంగు బల్బులు కట్టాడు. కొన్నాళ్లు నవ్వారు, ఆ తరవాత అదీ పోయింది. పెద్దవాళ్లేమో పాత ఆటలో ఒక్క మాట కూడా కదిలించకూడదని తిడుతున్నారు.

ఆ సాయంత్రం బడిలో ఆట ఉంది. ఈసారి కూడా పిల్లలు లేచిపోతే వచ్చే ఏడు నుంచి టీవీ పెట్టించుకుంటామని పెద్ద టీచరమ్మ మెల్లగానే చెప్పేసింది. అలా జరిగితే ఈ పెట్టె తుళజాబాయికే అప్పజెప్పి, దీపాలకు తొడిగే తోలు గొడుగులకు రంగులేసి అమ్మే షెడ్డులో చేరిపోదామని విఠోబా మనసులో ఖాయం చేసుకున్నాడు. ఆ దీపాలు పట్నాల ఇళ్లలో ఊరికే వేలాడుతుంటాయి. వాటితో ఎవరినీ నవ్వించే పని లేదు.

"ఒక్క మాట చెప్పవ్వా. ఆట మార్చల్లా, మార్చగూడదా?"

తుళజాబాయి తోలు మడిచి పక్కన పెట్టింది. "నేనూ వస్తా పద," అంది.

చీకటి పడుతుండగా బడి వరండా ముందు తెర కట్టారు. తెర వెనక బల్బు వేలాడదీశారు. పిల్లలు తెరకు ఎదురుగా వరండా నేల మీద కూర్చున్నారు. తుళజాబాయి తెర వెనకే ఒక మూల చేరి, అడుగుల చప్పుడు కోసం పెట్టిన చెక్క మీద కాలు వేసుకుని కూర్చుంది. విఠోబా ఎలుగును తెరకు ఆనించాడు. మాట తప్పలేదు, చెయ్యీ తప్పలేదు. కాయ తేలికయ్యే ఘట్టం వచ్చింది. ఎలుగు ఆగి, పిల్లల వైపు తిరిగి, ఎప్పుడూ అనే మాట అంది.

"ఒరే ఎర్ర చొక్కా, నా కాయ తినింది నువ్వేనా?"

ఎవరూ నవ్వలేదు. అవతల ఒక గొంతు, "ఎర్ర చొక్కా ఎవుర్రా?" అని పక్కవాణ్ణి అడగడం వినబడింది. అందరూ బడి నీలం బట్టల్లోనే ఉన్నారు. కాసేపటికి చెప్పుల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు విఠోబాకు బాగా తెలుసు. చేతిలో బొమ్మ బరువెక్కింది.

అప్పుడు తుళజాబాయి లేచింది. తీగతో సహా బల్బు విప్పుకుని, మెల్లగా తెర చుట్టూ తిరిగి అవతలికి పోయి, పిల్లల వెనక వరండా కొక్కేనికి తగిలించింది. తెర వెనక చీకటైంది. ఎలుగు మాయమైంది. ఆట చెడిపోయిందనుకున్నాడు విఠోబా. కానీ అదేం వింతో, తెర నిండా పిల్లలే. వాళ్ల నీడలు. లేచి పోబోతున్నవాళ్లు తమ నీడలు చూసుకుని నిలబడిపోయారు. ఒకడు చేతులతో కొమ్ములు పెట్టాడు. ఒకతె జడను ఏనుగు తొండంలా ఊపింది. ఒక మూల ఒక పిల్ల చంకన పసివాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది.

ఇన్నేళ్లుగా ఈ గుడ్డకు ఇవతలే నిలబడిన విఠోబాకు అవతలి వాళ్లు ఇలా కనబడడం అదే మొదలు. ఎర్ర చొక్కా మాట ఎక్కడిదో అప్పుడు గుర్తుకొచ్చింది. తను కొత్తగా చేరిన రోజుల్లో ఒక సాయంత్రం, తెర సందులోంచి తొంగిచూసి, ముందు వరసలో కూర్చున్న ఒక పిల్లవాణ్ణి ఆవిడ అన్న మాట అది. పాటతో పాటు, అడుగులతో పాటు, తను దాన్నీ బట్టీ పట్టేశాడు.

గొంతు సవరించుకుని ఎలుగు గొంతుతో, "ఓ అమ్మాయీ, నీ చంకలో ఉండేది నా గుమ్మడికాయేనా?" అన్నాడు.

పిల్లలు గొల్లుమన్నారు.

"కాదు, మా తమ్ముడు," అంది ఆ పిల్ల, కాస్త కోపంగానే.

"మరి ఇంత గుండ్రంగా ఉండాడేం?"

"వాడు అన్నం బాగా తింటాడు. నీ కాయను ఎలక తింటాంది, ఎనక్కి చూస్కో."

ఎలుగు తప్పు దిక్కు తిరిగి చూసిందో లేదో ఎవరికీ కనబడలేదు, కానీ అందరూ అటు కాదు ఇటని అరిచారు. తుళజాబాయి బల్బు తెచ్చి మళ్లీ వెనక కట్టింది. ఎలుగూ, కాయా, ఎలుకా అంతకు ముందున్నట్టే తెర మీదికొచ్చాయి. అక్కడి నుంచి అదే పాత కథ, అవే పాత పాటలు. మధ్యలో ఆ పసివాడి పేరడిగి, వాడికీ ఒక ముక్క దాచిపెడతానని ఎలుగు ఒట్టేసింది. చివరిదాకా ఒక్కరూ కదల్లేదు. వచ్చే ఏడు ఏ రోజు వీలవుతుందని పెద్ద టీచరమ్మే వచ్చి అడిగి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు పెట్టె విఠోబా నెత్తి మీదే ఉంది. అతని ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఇంత చిన్న కిటుకు ఇన్నేళ్లు తనకెందుకు చెప్పలేదని అవ్వను దెప్పాడు. రేపటి నుంచి ప్రతి ఊళ్లోనూ, సరిగ్గా ఆ ఘట్టం దగ్గరే బల్బు ఇవతలి నుంచి అవతలికి మార్చేస్తానన్నాడు. చంకలో గుమ్మడికాయ మాట కూడా బ్రహ్మాండంగా పండింది, దాన్నీ ఆటలో కలిపేసుకుంటానన్నాడు.

తుళజాబాయి నడక ఆపి అతని ముఖంలోకి చూసింది. ఆవిడకు నవ్వొచ్చిందో జాలేసిందో చెప్పలేం.

"రేపొచ్చే పిల్లోళ్లను నువ్వింకా చూడలేదు గదరా నాయనా," అంది.