గెడ్డ ఇసుకలో నక్కమ్మ ఇల్లు

అనగనగా ఒక పెద్ద రాష్ట్రం. ఒక మూల ఎండలు మండే సీమ, ఒక మూల ఉప్పుగాలి వీచే కోస్తా, ఇంకో మూల మంచు కురిసే మన్యం. సీమలో ఒక గుంటనక్క ఉండేది. నక్క అనగానే జిత్తులమారిదని మూతి ముడుస్తున్నారు కదూ? అబ్బే, ఇది అలాంటిది కాదర్రా. ఇద్దరు పిల్లల తల్లి, పాపం.

ఆ ఏడు సీమలో చినుకు రాలలేదు. చెరువులు నెర్రెలిచ్చాయి. నక్కమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని కోస్తాకు పోయింది. అక్కడ ఎక్కడ తవ్వినా బొరియలో నీళ్ళూరాయి. గట్టు మీది గేదె జాలిపడింది.

"ఇది కాలవల నేలమ్మా. మూరెడు తవ్వితే నీళ్ళే. ఆ కొండల్లోకెళ్ళు, పిల్లలకి చల్లగా ఉంటది" అంది.

కాళ్ళరిగేలా నడిచి నక్కమ్మ మన్యం చేరింది. అక్కడ కొండ పక్కన ఒక వాగు. దాన్ని వాళ్ళు గెడ్డ అంటారు. వేసవి కదా, నీళ్ళు లేవు, అంతా ఇసుకే. సీమలో వాగు పారడమంటే ఏళ్ళకోసారి వచ్చే పండగ. అందుకే అక్కడి నక్కలు చల్లటి వాగు ఇసుకలోనే ఇల్లు తవ్వుకుంటాయి. నక్కమ్మ ఇక్కడా అదే చేసింది.

పైన చెట్టు మీద బెట్టుడుత ఉంది. పిల్లి అంత పెద్ద ఉడుత అది. కిందకి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఓలమ్మో! గెడ్డలో ఇల్లు కట్టినాదే!" అంది పెళ్ళాంతో.

"నవ్వుతావేటి? పోయి సెప్పు. పసిపిల్లలున్నారు దానికి" అంది ఆడ ఉడుత.

"సెప్తాలే, తొందరేటి?"

మర్నాడు నక్కమ్మే పలకరించింది. "అన్నా, ఈడ వానలు ఎట్లుంటాయి?"

ఆ యాస వినగానే ఉడుతకు మళ్ళీ నవ్వాగలేదు. "వానా? పైనుంచి కిందకి పడతాది!" అని తోక ఊపింది. చుట్టూ ఉన్న పిట్టలు కూడా పకపకా నవ్వాయి. కొత్త చోటు కదా, నక్కమ్మ ఇంకోసారి అడగడానికి సిగ్గుపడింది.

కొన్నాళ్ళకు పై కొండ మీద మబ్బు కమ్మింది.

"ఇప్పుడైనా సెప్పవయ్యా!" అని ఆడ ఉడుత మొత్తుకుంది.

"ఇక్కడ ఎండే కదే. రేపు సెప్తాను" అంటూ ఉడుత పనసతొన నములుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే గెడ్డ వచ్చింది. వాన కురిసింది పై కొండ మీద. కింద ఎండ కాస్తూనే ఉంది. ఎర్రనీళ్ళు హోరుమని దిగాయి. నక్కమ్మ అప్పటికే వేటకు పోయి ఉంది. పిల్లలు బొరియలో నిద్రపోతున్నారు.

ఎన్నడూ చెట్టు దిగని ఉడుత ఒక్క దూకు దూకింది. ఒక పిల్లను మెడ పట్టి ఒడ్డుకు ఈడ్చింది. రెండోదాన్ని నీళ్ళు లాక్కుపోయాయి.

అప్పుడే తిరిగొచ్చిన నక్కమ్మ వెనకాముందూ చూడకుండా గెడ్డలో దూకింది. చెట్టు వేళ్ళలో చిక్కుకున్న పిల్లను నోట కరుచుకుని ఎలాగో ఒడ్డెక్కింది. పిల్ల కదల్లేదు. తల్లి దాన్ని నాకింది, నాకింది, నాకుతూనే ఉంది. చివరికి అది తుమ్మింది. అమ్మయ్య!

ఉడుత దగ్గరికొచ్చింది. "నీకు సెప్పాలనే అనుకున్నానమ్మా. ఈ గెడ్డ ఏటేటా వస్తాది" అంది.

నక్కమ్మ తలెత్తింది. దాని చూపులో కోపం కూడా లేదు.

"తెలిసే నవ్వినావా అన్నా?" అంది.

పిల్లలిద్దర్నీ పొదువుకుని నక్కమ్మ మిట్ట మీదికి నడిచిపోతుంటే, ఉడుత అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నీతి: కొత్తగా వచ్చినవాళ్ళకు మన నేల తీరు తెలియదు. నవ్వే నోటితోనే ముందు ఒక మంచిమాట చెప్పాలి.