అత్తయ్య పేరు మీద పిస్తోలు

తిరువూరు దాటి తెలంగాణ సరిహద్దు వైపు వెళ్ళే దారిలో వీరన్నగూడెం అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో తెలివైనవాళ్ళు ముగ్గురే ఉన్నారని ముగ్గురు అన్నదమ్ములు చెప్పుకునేవారు. ఆ ముగ్గురూ వాళ్ళే. పెద్దవాడు బసవపున్నయ్య, రెండోవాడు శేషావతారం, కడగొట్టువాడు కోటప్ప.

"జనం ఒక మాట వింటే దాని వెనకాల ఇంకేదో ఉందని వెతుక్కుంటారు. పొరపాట్లు జరిగేది అక్కడే," అనేవాడు పున్నయ్య. "మనకి ఆ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం."

తమ్ముళ్ళిద్దరూ తల ఊపేవారు.

ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. మేనత్త తిరపతమ్మ వాళ్ళని చిన్నప్పటి నుంచీ పెంచింది. ఇప్పుడావిడకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులు. అయినా మూడు పూటలా వండేది ఆవిడే. పొయ్యి ఎలా వెలిగిస్తారో అన్నదమ్ముల్లో ఒక్కడికీ తెలియదు.

ఒక మంగళవారం తిరపతమ్మ సంతకి వెళ్తూ, "ఇల్లు చూస్తూ ఉండండిరా," అని చెప్పింది. అంతే, ముగ్గురూ రోడ్డు మీద కల్వర్టు ఎక్కి ఇంటి వైపు తిరిగి కూర్చున్నారు. పదిన్నరకి ఒకడొచ్చి ఇంట్లోకి వెళ్ళాడు. పావుగంట తర్వాత రాగి గంగాళం నెత్తిన పెట్టుకుని బయటికొచ్చాడు. ముగ్గురూ చూశారు. వాడు వెళ్ళాక కూడా కళ్ళు తిప్పకుండా ఇంటినే చూశారు.

తిరపతమ్మ తిరిగొచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఇల్లు ఎక్కడికీ పోలేదు కదత్తా," అన్నాడు శేషావతారం.

"ఒరే, మీ ముగ్గురూ ఉండేకంటే ఇంట్లో ఓ తుపాకీ ఉన్నా నయం," అందావిడ. "ఇదే చెబుతున్నా. ఇంకొక్క వస్తువు ఈ గడప దాటిందంటే నేను నూజివీడు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. మీ వంట మీరు చేసుకోండి."

ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే ముగ్గురూ విజయవాడ బస్సెక్కారు.

అక్కడ తుపాకుల కొట్టు యజమాని నెమ్మదైన మనిషి. పొడుగు తుపాకీ ఒకటి గోడ మీద ఉంటే పున్నయ్య దాన్ని కింది నుంచి పైకి చూసి పెదవి విరిచాడు.

"మా అత్తయ్య నాలుగడుగుల పది అంగుళాలండి. ఇది ఆవిడ పక్కన నిలబడితే ఎవరు ఎవర్ని కాపలా కాస్తున్నారో తెలియదు. చిన్నది కావాలి."

యజమాని అద్దాల బల్ల కింద ఉన్న చిన్న పిస్తోలు చూపించాడు. "ఇది నడుము దగ్గర పెట్టుకున్నా కనపడదు."

కోటప్ప వంగి చూశాడు. "నాకు కనపడుతోందండి. వేరేది చూపించండి."

"చిన్నదాంట్లో ఓ చిక్కుంది," అన్నాడు యజమాని, కోటప్ప మాట విననట్టు. "తేలిగ్గా ఉంటుంది కాబట్టి పేల్చినప్పుడు చెయ్యి బాగా అదురుతుంది. బరువున్నది తక్కువ అదురుతుంది."

"దానికేముంది, అరకిలో రాయి కడతాం," అన్నాడు శేషావతారం.

"పిడి ఆవిడ చేతిలో కుదరాలి, వేలు మీటకి అందాలి. చేతి కొలత ముఖ్యం. అన్నిటికంటే ముందు ఆవిడ పేరు మీద లైసెన్సు కావాలి. కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టండి, పోలీసులొచ్చి విచారిస్తారు. లైసెన్సు లేకుండా నేను దీన్ని మీ చేతికి కూడా ఇవ్వను."

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ మళ్ళీ వచ్చారు. పున్నయ్య తువ్వాలు విప్పి అద్దాల బల్ల మీద ఓ ఎండిన పిడక పెట్టాడు.

"ఏమిటిది?" అన్నాడు యజమాని.

"మా అత్తయ్య చేతి కొలతండి. గోడకి పిడక కొట్టినప్పుడు పడ్డ అచ్చు. ఐదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి, చూసుకోండి."

యజమాని కాసేపు పిడకనీ పిస్తోలునీ మార్చి మార్చి చూశాడు. వేలు మీటకి అందుతుందని ఒప్పుకున్నాడు. తర్వాత బల్ల తుడిచి, లైసెన్సుతో, అత్తయ్యతో తప్ప మళ్ళీ రావద్దని దణ్ణం పెట్టాడు.

దరఖాస్తు పెట్టారు. ఇరవై రోజులకి ఎస్సై కబురు పెట్టి ముగ్గుర్నీ స్టేషనుకి పిలిపించాడు.

"మీ అత్తయ్యకి ప్రాణహాని ఉందని రాశారు. ఎవరి నుంచి?"

"ఎవరి నుంచి ఉంటే ఇస్తారండి?" అన్నాడు పున్నయ్య.

"ఎవరైనా బెదిరించి ఉండాలి కదయ్యా. ఊరికే ఇచ్చేస్తారా? బెదిరించినట్టు కాగితం ఏదన్నా ఉంటే తీసుకురండి."

అంతే, ముగ్గురూ బెదిరించేవాళ్ళని వెతుక్కుంటూ ఊరి మీద పడ్డారు. ఊరంతా అడిగారు. తిరపతమ్మని చంపాలన్న కోరిక ఎవరికీ ఉన్నట్టు కనపడలేదు. చివరికి రిటైరైన నరహరి మాస్టారి ఇంటికి వెళ్ళారు. ఆయన దస్తూరి ఊళ్ళో అందరికంటే బాగుంటుంది.

"మాస్టారూ, మా అత్తయ్యని చంపుతానని ఓ ముక్క రాసి పెట్టండి," అన్నాడు శేషావతారం.

"మీ అత్తయ్య నిన్ననే మా ఇంటికి గోంగూర పచ్చడి పంపింది. ఆవిణ్ణెందుకు చంపుతానయ్యా?"

"పచ్చడి సంగతి రాయకండి. చంపే సంగతి రాస్తే చాలు."

ఆయన వెళ్ళగొట్టాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళారు. మర్నాడు పొద్దున్న, ఆయన పళ్ళు తోముకుంటుండగా వెళ్ళారు. మాస్టారు చెంబు కింద పెట్టి, "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కారంటే మీ ముగ్గుర్నీ చంపేస్తాను," అన్నాడు.

పున్నయ్య మొహం విప్పారింది. "ఆ మాటే కాగితం మీద పెట్టండి. మా పేర్లు తీసేసి అత్తయ్య పేరు రాయండి. సాక్షులిద్దర్ని మేం తెచ్చుకున్నాం."

మాస్టారు తలుపేసుకున్నాడు. ఇంకేముంది, ముగ్గురూ స్టేషనుకి వెళ్ళి, మాస్టారు చంపేస్తానన్నాడని, ఎంత బతిమాలినా రాసివ్వడం లేదని, కాస్త గట్టిగా చెప్పి రాయించమని ఎస్సైని కోరారు.

ఎస్సై ఆ రోజే స్వయంగా వాళ్ళింటికి వచ్చాడు. తిరపతమ్మతో పది నిమిషాలు మాట్లాడాడు. ఆయనకి రెండు విషయాలు తెలిశాయి. ఇల్లు ఊరికి దూరంగా ఉంది. ఇంట్లో బుర్ర ఒక్కటే ఉంది. అనుకూలంగా రాసి పంపాడు.

నాలుగు నెలలకి లైసెన్సు వచ్చింది. తిరపతమ్మని విజయవాడ తీసుకెళ్ళి పిస్తోలు కొన్నారు. తూటాలు కొనలేదు. అత్తయ్య తుపాకీ అంది గానీ తూటాలనలేదని పున్నయ్య వాదన. ఆవిడకి వాదించే ఓపిక లేకపోయింది.

పిస్తోలు ఇంటికొచ్చిన రోజున ఎస్సై వచ్చి, ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి నిబంధనలు చెప్పాడు.

"వినండి. ఇది ఆవిడ పేరు మీద ఉంది. ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. చిన్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఆ పెట్టెని కూడా మీరు ముట్టుకోవద్దు. తాళంచెవి ఎవరికీ అందకూడదు. పెట్టెని దిక్కూ మొక్కూ లేకుండా వదిలేయకూడదు, ఆవిడ దగ్గరే ఉండాలి. ఇంకోటి, లైసెన్సు మన రాష్ట్రం వరకే చెల్లుతుంది. ఊరి చివర సరిహద్దు రాయి ఉందే, అది దాటిందంటే కేసు. అర్థమైందా?"

"రాసుకున్నామండి," అన్నాడు శేషావతారం.

ఎస్సై వెళ్ళగానే కోటప్ప తాటిచెట్టెక్కి తాళంచెవిని చిటారున మొవ్వులో కట్టి దిగాడు.

"ఒరే, నాకు కావాలంటే ఎలారా?" అంది తిరపతమ్మ.

"ఎవరికీ అందకూడదన్నారత్తా. ఆ 'ఎవరికీ'లో నువ్వు లేవా?" అన్నాడు కోటప్ప.

వారం గడిచింది. ఓ పొద్దున తిరపతమ్మ పెరట్లో పిడకలు కొడుతోంది. అన్నదమ్ములు ముందువాకిట్లో కూర్చుని నిబంధనలు వల్లె వేస్తున్నారు. ఇంతలో పక్క తలుపులోంచి ఒకడు ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని బయటికొచ్చి రోడ్డెక్కాడు.

"అన్నయ్యా, పెట్టె పోతోంది," అన్నాడు కోటప్ప.

"పట్టుకుందాం పదండి."

ముగ్గురూ పరిగెత్తి నిమిషంలో వాణ్ణి అందుకున్నారు. కానీ అందుకున్నాక పున్నయ్య చెయ్యి చాచి ఆగిపోయాడు.

"వాణ్ణి పట్టుకుంటే పెట్టె మన మీద పడుతుంది. పడితే ముట్టుకున్నట్టేరా."

అంతే, కుడి పక్క ఒకడు, ఎడమ పక్క ఒకడు, వెనక ఒకడు, నాలుగు మూరల దూరంలో వాడితో పాటు నడిచారు. దొంగ పరిగెత్తితే పరిగెత్తారు, ఆగితే ఆగారు. ఎదురొచ్చిన పాలవాడు ఏదో ఊరేగింపనుకుని సైకిలు దిగి పక్కకి నిలబడ్డాడు.

అలా సరిహద్దు రాయి దాకా వచ్చారు.

"బాబూ, ఆ రాయి మాత్రం దాటకు," అన్నాడు పున్నయ్య. "అవతల దానికి లైసెన్సు లేదు."

దొంగ ఆగాడు. "దేనికి?"

"పెట్టెలో పిస్తోలుంది."

దొంగ మొహం పాలిపోయింది. మెల్లగా పెట్టె దించి రోడ్డు పక్కన పెట్టాడు. "నేను నగలనుకున్నానండి. పిస్తోలు కేసంటే ఈ జన్మకి బయటికి రాను. మీది మీరు తీసుకోండి."

"మేం ముట్టుకోకూడదు."

"అయితే ఇక్కడే వదిలేసి పోతాను."

"దిక్కూ మొక్కూ లేకుండా వదలకూడదు," అన్నాడు శేషావతారం.

దొంగ తల గోక్కున్నాడు. "సరే, నేనే తెచ్చి మీ ఇంట్లో పెట్టి పోతానండి."

పున్నయ్య నవ్వాడు. "దొంగని చేతులారా ఇంట్లోకి రానిస్తామా? మేం ఎలా కనపడుతున్నాం నీకు?"

తమ్ముళ్ళు కూడా నవ్వారు. దొంగ ఒక్కడే నవ్వలేదు.

పున్నయ్య కాసేపు ఆలోచించాడు. పెట్టె అత్తయ్య దగ్గర ఉండాలి. పెట్టెని అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళడానికి లేదు. మిగిలింది ఒక్కటే దారి.

"నీ పేరేమిటి?" అని దొంగని అడిగాడు.

"చలపతి అండి," అన్నాడు వాడు, కంగారులో నిజం చెప్పేసి.

"చలపతీ, మేం వచ్చేదాకా ఇక్కడే కూర్చో. లేచి వెళ్ళావా, పిస్తోలు వదిలేసి పోయింది నువ్వేనని ఎస్సై గారికి నీ పేరు చెబుతాం. ఈ దారిన దొంగలెవరైనా వస్తే జాగ్రత్త."

వాడు పెట్టె పక్కన చతికిలబడ్డాడు. ముగ్గురూ ఇంటికి పరిగెత్తారు.

తిరపతమ్మ పేడ చేతులతో పెరట్లోంచి వచ్చి, అలిసిపోయి నులకమంచం మీద కూర్చుంది. అన్నదమ్ములు రొప్పుతూ వచ్చి మాటా పలుకూ లేకుండా ఆవిడతో సహా మంచం ఎత్తారు. మంచం నాలుగు కోళ్ళకి మనుషులు ముగ్గురే కావడం వల్ల, దారి పొడుగునా ఆవిడ ఒక మూలకి జారుతూనే ఉంది.

"దించండిరా. ఎక్కడికిరా? ఒరే పున్నయ్యా, నేనింకా బతికే ఉన్నానురా."

"నీ పిస్తోలు దగ్గరికత్తా. నువ్వో చోటా అదో చోటా ఉంటే తప్పు."

సరిహద్దు రాయి దగ్గర, పెట్టె పక్కన మంచం దించారు. చలపతి లేచి తిరపతమ్మకి దణ్ణం పెట్టాడు.

"అమ్మగారూ, నేను వెళ్ళొచ్చాండి?"

"నువ్వెవరు నాయనా?"

"ఇందాక మీ ఇంట్లో పడ్డ దొంగనండి."

తిరపతమ్మ వాణ్ణీ, పెట్టెనీ, మేనల్లుళ్ళనీ వరసగా చూసింది. విషయమంతా తెలుసుకుంది. అయినా ఎంతో ఓపిగ్గా, "సరే. పెట్టె నేను ఒళ్ళో పెట్టుకుంటాను. మీరు మంచం ఎత్తండి. ఇంటికి పోదాం," అంది.

పున్నయ్య జాలిగా తల అడ్డంగా ఊపాడు.

"మంచం ఎత్తితే మంచం మీదున్న నిన్నెత్తినట్టు. నిన్నెత్తితే నీ ఒళ్ళో పెట్టెని ఎత్తినట్టు. ఎస్సై గారు ఏం చెప్పారు?"

"అయితే నేనూ పెట్టే ఈ రోడ్డు మీదే ఉండాలా?"

"చట్టం మనం రాశామా అత్తా?" అన్నాడు శేషావతారం.

తిరపతమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా మంచం మీంచి లేచింది. ఇంతలో నూజివీడు వెళ్ళే బస్సు మలుపు తిరిగింది. ఆవిడ చెయ్యెత్తింది. బస్సు ఆగింది. కింద నిలబడ్డ చలపతి భుజాన్ని ఒక చేత్తో ఆసరాగా పట్టుకుని, రెండో చేత్తో పెట్టె చంకనెట్టుకుని మెట్లెక్కింది.

"రాయికి ఇవతలగా వెళ్ళే బస్సే," అన్నాడు పున్నయ్య, రూటు బోర్డు చదివి. "పిస్తోలుకి ఏం ఇబ్బంది లేదు."

ముగ్గురూ ఖాళీ మంచం మోసుకుంటూ ఇంటికొచ్చారు. అంతా నిబంధనల ప్రకారం జరిగినందుకు వాళ్ళకి తృప్తిగా ఉంది. ఒంటిగంటకి కాళ్ళు కడుక్కుని, విస్తళ్ళు పరుచుకుని వంటింటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

అరగంటయింది. కోటప్పకి ఓ అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, అత్తయ్య వెళ్ళిపోయినట్టు కాదా?"

"ఎలా అవుతుందిరా?" అన్నాడు పున్నయ్య. "ఇల్లు వదిలి తను వెళ్ళిపోతానంది. వెళ్ళిందా? మనమే మోసుకెళ్ళి దింపొచ్చాం."

కోటప్ప స్థిమితపడ్డాడు. ముగ్గురూ విస్తళ్ళ మీద నీళ్ళు చిలకరించుకుని, అన్నం కోసం వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.