పానకాలరాయుడి కారు దీపం

అడవులపాడులో పానకాలరాయుడు కొన్న కొత్త కారు కాసేపు పెట్రోలుతో, కాసేపు కరెంటుతో నడిచేది. అందుకని పెట్రోలు ఒకరోజు బాగా తగ్గేది, మరోరోజు తగ్గేదే కాదు. డ్రైవరు మస్తానే కాజేస్తున్నాడని రాయుడికి అనుమానం. పైగా బండిలో ఏదో తేడా ఉందని హెచ్చరించే పసుపుదీపం కొన్నాళ్లు వెలిగేది, కొన్నాళ్లు ఆరేది. రాయుడు ఊళ్లో లేనప్పుడే అది ఆరుతోందని మస్తాను కనిపెట్టాడు. కానీ యజమాని తప్పు యజమాని మొహాన చెబితే కొలువు నిలుస్తుందా?

ఒకనాడు రాయుడు మెకానిక్కునీ, ఊరి పెద్దల్నీ పిలిపించాడు.

"వీడు పెట్రోలు తోడేస్తున్నాడు. అందుకే బండి పాడైంది. ఒరే, రేపట్నించి పనిలోకి రాకు!"

"తమరి కళ్లుగప్పడం నా తరమా అయ్యగారూ? తమరు కాపలా కాయరూ?" అన్నాడు మస్తాను వినయంగా.

రాయుడు ఉబ్బిపోయాడు. "కాయకేం! రోజూ పొద్దున్నే నా చేత్తో ట్యాంకు మూత తీసి తొంగిచూస్తాను. మళ్లీ నేనే పెడతాను. బంకులో కూడా ఇంకో చెయ్యి పడనివ్వను!"

మెకానిక్కు వెళ్లి మూత పట్టుకు చూశాడు. "వదులుగా పెట్టారండీ. పెట్రోలు ఆవిరి బయటికి పోతుంటే దీపం వెలగదూ?" అంటూ టకటకమనేదాకా బిగించాడు. "ఇక పెట్రోలంటారా, బండి కరెంటుతో నడిచిన రోజు తగ్గదండీ."

పెద్దలు ఫక్కున నవ్వారు. రాయుడి మొహం మాడిపోయింది.

"నేను మూత తీయకపోతే పెట్రోలుకి కాపలా ఎవడ్రా?" అని గొణిగాడు.

"ఆ దీపమేనండీ. మూత ముట్టింది తమరైనా సరే, మొహమాటపడకుండా చెప్పేసిందిగా!" అన్నాడు మస్తాను.

రాయుడు కారు తాళాలు మస్తాను చేతికే ఇచ్చాడు.