రాతిమెడ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ ముత్తాత ముత్తాతకు పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, మంచుసీమ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడ బారెడు పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఎవరైనా ఎదురొస్తే ముందు గొంతు వినిపించేది, ఆ తర్వాతే మొహం కనిపించేది.

ఆ రాజ్యానికి పెద్ద కోటలు లేవు, ఏనుగుల దండూ లేదు. ఉన్నదల్లా ఆడే గుర్రాలు. మద్దెల మోగితే చాలు, లయకు తగ్గట్టు గిట్టలు ఎత్తి దించేవి. ఏటా వసంతోత్సవం నాడు అవి ఆడుతుంటే జనం ఆకలి కూడా మరిచిపోయేవారు.

సభామండపం గుమ్మం పక్కన ఒక రాతిగుర్రం ఉండేది. మంచుసీమలో ఆడిన మొదటి గుర్రం రూపం అదేనట. దాని మెడ విల్లులా వంగి, గడ్డం రొమ్మును తాకుతూ ఉండేది. ఆడే గుర్రమన్నాక మెడ అలాగే ఉండాలని అందరూ నమ్మారు. ఆ వంపుకు రాతిమెడ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మరి ప్రాణమున్న గుర్రం అంతసేపు అలా వంగి ఉంటుందా? ఉండదు. అందుకని కళ్ళేనికి తోలుపట్టీలు తగిలించి, తలను కిందికి లాగి జీనుకు కట్టేవారు. ఎంత బిగిస్తే అంత విద్య అని వారి లెక్క.

ఆ గుర్రాలకు ఆట నేర్పే సాహిణి పేరు కొమ్మన. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. చెడ్డవాడు కాడు. గుర్రాలకు పెట్టకుండా తాను ముద్ద నోట్లో పెట్టుకునేవాడు కాడు. కానీ తన తండ్రి నేర్పింది నేర్పాడే తప్ప, అదెందుకని ఎన్నడూ అడగలేదు.

కొమ్మన ప్రాణమంతా తూనీగ మీదే. అది రెండున్నరేళ్ళ గుర్రప్పిల్ల. కాళ్ళు పొడుగు, ఒళ్ళు తేలిక, చూపంతా అల్లరి. దాని తల్లి గోరింట ఒకప్పుడు మంచుసీమలోనే గొప్ప ఆటకత్తె. రెండో ఏటనే ఆటకు దించారు. పదమూడు నెలలు ఆడింది. ఆపైన ముందుకాలు వాచి, కుంటిదై, పదేళ్ళకే ముసలిదైపోయింది. దాని రాత అంతేనని కొమ్మన సరిపెట్టుకున్నాడు.

ఇలా ఉండగా రాజు చిత్రవర్మ కొమ్మనను పిలిపించాడు.

"కొమ్మనా! ఈసారి పండక్కి పొరుగు రాజు వస్తున్నాడు. ఆ బుజ్జి తూనీగను ఆడించాలి. ఇంకా నెలరోజులుంది."

"ప్రభూ, అది మరీ పసిది. ఎముకలు ముదరలేదు."

"పసిది ఆడితేనే కదయ్యా ముద్దు! ఆడకపోతే రాళ్ళ బండికి కట్టెయ్యి."

రాళ్ళ బండికి కట్టిన గుర్రం ఏడాది కూడా బతకదు. గత్యంతరం లేక కొమ్మన తోలుపట్టీలు బయటికి తీశాడు.

మొదటి రోజు పట్టీలు బిగించగానే తూనీగ సకిలించడం మానేసింది. రెండో రోజు దాని నాలుక నీలంగా మారింది, ముందు వేసిన పచ్చగడ్డి అలాగే వాడిపోయింది. మూడో రోజు, తన గిట్టలు తప్ప మరేమీ కనిపించక, గడప తట్టుకుని మోకాళ్ళ మీద పడింది. చూడవచ్చి గోడ మీద కూర్చున్న జనం చప్పట్లు కొట్టి, "ఆహా, ఎంత వినయం!" అన్నారు.

ఆ మధ్యాహ్నం కొమ్మన అన్నం ముట్టలేదు. గోరింట పక్కనే గడ్డిమోపుకు ఆనుకుని కూర్చున్నాడు. బయట మంచు, లోపల ఎండుగడ్డి వాసన. కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రో మెలకువో తెలియని ఆ వేళ గోరింట మాట్లాడింది.

"అయ్యా, నేను ఆడిన పదమూడు నెలలూ ఆకాశం ఎలా ఉంటుందో మరిచిపోయాను. నీ మొహం కూడా నాకు గుర్తు లేదు. నీ చెప్పులు మాత్రం బాగా గుర్తు."

కొమ్మన దాని కుంటికాలు నిమిరాడు. "నేనేం చేసేదే తల్లీ? రాతిగుర్రం అలాగే ఉంది కదా!"

"అయితే అదెందుకలా ఉందో కనుక్కో," అని గోరింట కళ్ళు మూసుకుంది.

కొమ్మన ఉలిక్కిపడి లేచాడు. కల కావచ్చు, కాకపోవచ్చు. మనకెందుకు? అతడు మాత్రం చెప్పులైనా వేసుకోకుండా శిల్పుల వాడకు పరుగెత్తాడు. ఆ రాతిగుర్రాన్ని చెక్కిన శిల్పి మనవరాలు భ్రమరమ్మ అక్కడే ఉంటుంది. తొంభై ఏళ్ళ అవ్వ, అప్పుడే మంచు విడిచి కాసిన ఎండలో, వాకిట్లో ఒక నాపరాతి పలక మీద వడియాలు ఎండబెడుతోంది.

"అవ్వా, మీ తాత ఆ గుర్రానికి మెడ ఎందుకంత వంచాడు?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "ఇన్నాళ్ళకు అడిగావా నాయనా! గుర్రం మెడ వంచలేదు. రాయి పొట్టిదైంది."

"ఏమిటీ?"

"తెచ్చిన రాయి రెండు జానలు తక్కువొచ్చింది. మళ్ళీ తెద్దామంటే వానలు పడ్డాయి, బళ్ళు కదల్లేదు. చేసేది లేక మా తాత తలను కిందికి చెక్కేశాడు. అసలు గీత ఇదిగో."

అవ్వ వడియాలు పక్కకు జరిపింది. పలక మీద ఉలితో గీసిన గుర్రం కనిపించింది. దాని మెడ హాయిగా పైకి లేచి ఉంది. కళ్ళు ముందుకు చూస్తున్నాయి. కొమ్మన ఆ పలక ముందు కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

మర్నాడు ఆ పలకను సభకు మోయించాడు. సంగతంతా చెప్పాడు. చిత్రవర్మ మొహం ఎర్రబడింది.

"మూడు తరాల మర్యాద, వడియాల పలక చూసి మార్చమంటావా?"

"ప్రభూ, మీరే ఒక్కసారి గడ్డం రొమ్ముకు ఆనించి మండపం చుట్టూ మూడుసార్లు తిరగండి. ఆపైన మీ మాటే నా మాట."

రాజుకు కోపం ఎక్కువే గాని, పందెమంటే చెవి కోసుకుంటాడు. లేచాడు. మొదటి చుట్టు నవ్వుతూ తిరిగాడు. రెండో చుట్టులో మెడ పట్టేసి, ఊపిరి బరువెక్కింది. మూడో చుట్టులో మెట్టు కనిపించక తట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ పోయింది.

సభలో వారంతా ఒక్క గొంతుతో, "ఆహా, ప్రభువులకు ఎంత వినయం!" అన్నారు.

"వినయమా? పడ్డానయ్యా!" అని రాజు అరిచాడు. అరిచి, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు. "కొమ్మనా, గోరింట కాలు ఇక బాగుపడదా?"

"పడదు ప్రభూ. అది నా చేతులారా చేసుకున్న పాపం. తూనీగ కాళ్ళయినా మిగల్చండి. ఎముక ముదిరేదాకా దాని వీపు మీద జీను వెయ్యను."

రాజు తోలుపట్టీలన్నీ తెప్పించి అక్కడికక్కడే తెగ్గోయించాడు.

పండగ రోజున తూనీగ ఆడలేదు. కళ్ళెం లేదు, జీను లేదు. మంచులోంచి కొమ్మన నడిచొస్తుంటే, అతడి భుజం మీద మూతి పెట్టుకుని వెనకే వచ్చింది. మద్దెల విని తనకు తోచినట్టు నాలుగు గంతులు వేసి, అమ్మ దగ్గరికి పారిపోయింది. పొరుగు రాజు పకపకా నవ్వి, "ఇంత సంతోషంగా ఉన్న గుర్రాన్ని నేనెక్కడా చూడలేదు," అన్నాడు.

తూనీగ అయిదో ఏట ఆటకు దిగింది. తల ఎత్తి, కొమ్మన కళ్ళలోకి చూస్తూ ఆడింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆడుతూనే ఉంది. గోరింట కాలు మాత్రం బాగుపడలేదు. కొమ్మన రోజూ పొద్దున్నే దాని ఎదుట నిలబడి, అది తన మొహం తనివితీరా చూసేదాకా కదిలేవాడు కాడు.

అందుకే పిల్లలూ, రాతిని చూసి ప్రాణాన్ని వంచకూడదు, ప్రాణాన్ని చూసి మన పద్ధతినే మార్చుకోవాలి.