దుప్పటి కింద లేని తాత

గొర్లిపేటలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే సింహాద్రి తాత తన గుమ్మమే చూపించేవాడు. దీపం వెలుగుతోందో లేదో ఇంకో దీపం వెలిగించి మరీ చూసుకునే వంశం తనది. దేన్నీ ఊరికే నమ్మరు.

అలాంటి ఇంటికి ఓ పొద్దున అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చింది. తాత మనవరాలు, పసిపిల్ల పైడమ్మకి ఎనిమిది నెలలు. గిలక్కాయతో ఆడుకుంటోంది. టీచరమ్మ ఆ గిలక్కాయ మీద గంప బోర్లించింది. పిల్ల వెతకలేదు సరికదా, చక్కగా కాలి బొటనవేలు చీకడం మొదలుపెట్టింది.

"చూశారా! ఈ వయసు పిల్లలకి కనబడనిది లేనట్టే. ఇవాళో రేపో తెలుస్తుందిలెండి" అని టీచరమ్మ వెళ్ళిపోయింది.

"గిలక్కాయ లేదట నాయనా" అన్నాడు కొడుకు పోలినాయుడు.

"గంప ఎత్తి చూద్దామంటావా?" అన్నాడు తాత.

"చదువుకున్న మనిషి చెప్పాక, పసిపిల్ల సాక్ష్యం పలికాక, ఎత్తి చూడటం మర్యాదేనా?" అంది కోడలు గౌరమ్మ.

అంతే. సంతకి పోయి కొత్త గిలక్కాయ తెచ్చారు. దానిమీద చాట పడింది. అదీ లేకుండా పోయింది. పోలినాయుడి చెప్పులు మంచం కిందికి పోయాయి. పాపం, ఆ రోజునుంచీ అతను ఉత్తికాళ్ళతోనే పొలానికి పోతున్నాడు.

ఇంతలో తాతకి చలిజ్వరం వచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. పైడమ్మ అటు చూసింది, ఆవలించింది, ఇటు తిరిగింది. ఇంకేముంది! గౌరమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో! మావయ్య లేడు!"

తాతకి చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. "ఉన్నానే గౌరమ్మా!"

"లేనివాళ్ళందరూ అలాగే అంటారు. ఊరుకో మావయ్యా."

తాత ఆలోచించాడు. పిల్ల అబద్ధమాడదు. తన వంశం మరి. "అయితే నా జావ?" అన్నాడు భయంభయంగా.

"లేని నోటికి జావేంటి నాయనా?" అన్నాడు పోలినాయుడు ముక్కు చీదుతూ.

ఆ న్యాయం తాతకి నచ్చింది. ఆకలికి మాత్రం నచ్చలేదు.

రెండోరోజు పైడమ్మ పాక్కుంటూ వచ్చి దుప్పటి లాగింది. మీసం దొరికింది. కిలకిలా నవ్వింది. "ఉన్నాడు! ఉన్నాడు!" అని ఇంటిల్లిపాదీ గంతులేశారు. అటుగా పోతున్న టీచరమ్మ తొంగిచూసి, "చెప్పానుగా! కనబడకపోయినా ఉంటుందని పిల్లకి తెలిసిపోయింది" అని సంబరపడి పోయింది.

"ముందు అన్నం పెట్టవే!" అన్నాడు తాత.

గౌరమ్మ నాలుక కరుచుకుంది. ఏడుపులో పడి పొయ్యే వెలిగించలేదు. మూతపెట్టిన గిన్నె మాత్రం ఉంది.

"అన్నం కనబడటం లేదే?" అన్నాడు పోలినాయుడు.

"కనబడకపోతే ఏం? టీచరమ్మ ఇప్పుడేగా చెప్పింది!" అంది గౌరమ్మ.

అంతే. మూత తీయకుండానే వడ్డించుకుని ముగ్గురూ తిన్నారు. తాత వేళ్ళు నాకి, "పులుసులో ఉప్పు చాల్లేదు" అన్నాడు.

పైడమ్మ పాక్కుంటూ వెళ్ళి మూత లాగింది. గిన్నెలోకి చూసింది. ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది.

"ఇంకా చూస్తేగానీ నమ్మదు! దీనికి తెలివి ఎప్పుడొస్తుందో!" అంటూ తాత, మారు వడ్డించమని కంచం ముందుకి జరిపాడు.