తేనెలో దాచిన మందు

అనగనగా, కథ చెప్పేవారికీ వినేవారికీ తప్ప మరెవ్వరికీ దారి తెలియని ఒక అడవి. ఆ అడవిలో మందయాన అనే ముసలి ఏనుగు ఉండేది. గుంపంతటికీ ఆమే పెద్ద దిక్కు.

ఒక వేసవి ఆరంభంలో మందయానకు విషజ్వరం సోకింది. కూతురు విశాల పరుగున వెళ్లి, ఓషధిపాలుడనే ఎలుగుబంటి వైద్యుణ్ణి తీసుకొని వచ్చింది. అతడు ఒక వేరు నూరి, ఇది త్రాగితే పక్షం రోజులు గాఢనిద్ర పడుతుందనీ, మేలుకొనేసరికి జ్వరం ఉండదనీ చెప్పాడు.

మందయాన తొండం పక్కకు తిప్పుకొన్నది. "ఇప్పుడు వద్దు" అన్నది. మరునాడూ అదే మాట.

విశాల వైద్యుణ్ణి చాటుకు పిలిచింది. "అమ్మది ముసలితనపు మొండితనం. తేనెలో కలిపి ఇవ్వండి బాబూ. ఆమెకు తెలియనక్కరలేదు" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఓషధిపాలునికి ఏమీ తోచలేదు. మందు పడకపోతే ప్రాణం పోతుంది. మోసం చేస్తే నమ్మకం పోతుంది. ఎటు మొగ్గాలి?

మొదట నక్కను అడిగాడు. ఫలితమొక్కటే చూడమన్నది నక్క. ఆమె బ్రతికితే గుంపంతా సుఖపడుతుంది, ఒక్క అబద్ధం వల్ల ఎవరికి నష్టమని వాదించింది. నిజమే అనుకొని అతడు తేనెలో మందు కలిపాడు.

దారిలో తాబేలు ఎదురైంది. రోగితో అబద్ధమాడనని గురువు ఎదుట ప్రమాణం చేసినవాడివి, ఫలితం తియ్యగా ఉంటే ప్రమాణం చెల్లిపోతుందా అని నిలదీసింది. ఇదీ నిజమే అనుకొని తేనె పారబోశాడు.

ఏటి ఒడ్డున కొంగను అడిగాడు. కొంగ కన్నులు మూసుకొని చాలాసేపు ఆలోచించి, మంచి వైద్యుడు ఏమి చేస్తాడో అదే చేయమన్నది.

"మంచి వైద్యుడు ఏమి చేస్తాడు?"

"అది మంచి వైద్యుణ్ణి అడగాలి" అన్నది కొంగ, చేపను చూస్తూ.

మూడు సలహాలూ మంచివే. మూడూ ఒకచోట చేరేసరికి అతని తల తిరిగింది. ఆ అయోమయంలోనే మళ్లీ తేనె తెచ్చి, మళ్లీ మందు కలిపి, ఆకుదొప్పతో మందయాన ముందు నిలిచాడు.

"ఏమిటది?"

"తేనె, అమ్మా."

"ఇంకెవరు తెచ్చినా వద్దనేదాన్ని. నువ్వు తెచ్చావు కనుక తింటాను" అని ఆమె తొండం చాచింది.

అతడు చటుక్కున దొప్పను వెనక్కు లాగుకొని, "ఇందులో మందు ఉన్నది" అన్నాడు.

మందయాన అతనివైపు తేరిపార చూసింది. "నా రోగం సంగతి ఎవరెవరిని అడిగావు నాయనా?"

"నక్కను, తాబేలును, కొంగను."

"చీమలను వదిలిపెట్టావేం? పోనీలే, నన్నూ వదిలిపెట్టావు."

ఓషధిపాలుడు తల దించుకొన్నాడు. మందు ఎందుకు వద్దో అప్పటికి అడిగాడు.

చెరువు ఎండిపోతున్నదనీ, కొండల వెనుక ఎండని ఊట ఒకటి ఉన్నదనీ ఆమె చెప్పింది. "ఆ దారి నా కాళ్లకు తెలుసు, నోటికి తెలియదు. నేను నిద్రపోతే పిల్లలు దాహంతో పోతారు. ముందు దారి చూపనీ. తరువాత నీ మందు త్రాగుతాను."

"దారిలో ప్రాణం పోతే?"

"సగం దారైనా వారికి తెలిసి ఉంటుంది."

అంతా విన్న విశాల తల్లి పక్కన చేరి, తన భుజం ఆనించింది.

గుంపు కదిలింది. వైద్యుడు వేరును చేతబట్టుకొని వెంట నడిచాడు. మందయాన మూడుసార్లు కూలబడింది, మూడుసార్లు లేచింది. కూలబడిన ప్రతిసారీ, నక్క మాట వినవలసిందేమోనని అతడు మథనపడ్డాడు. ఊట చేరగానే ఆమె చేదుమందు తేనె లేకుండానే త్రాగి, నిద్రపోయింది. పిల్లలు తొండాలతో నీరు తెచ్చి ఆమె నుదురు తడిపారు.

ఆమె కన్ను తెరిచేవరకు, తాను చేసినది తప్పో ఒప్పో ఓషధిపాలునికి తెలియలేదు. తెరిచిన తరువాత కూడా పూర్తిగా తెలియలేదు. కాని ఆనాటి నుండి, ఎవరికి రోగం వచ్చినా మొదటి ప్రశ్న ఆ రోగినే అడిగేవాడు.

కనుక పిల్లలూ, ఒకరి మేలు కోరేవారు ముందుగా ఆ ఒకరి మాట వినవలెను.