మసి పూయని తాటాకులు

అనగనగా, మన వైపుకు కాగితం ఇంకా రాని రోజుల్లో, ఒక కొండ పాదాన భైరవభట్టు అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన దగ్గర తిప్పన, మాచన, నాగసాని అని ముగ్గురు శిష్యులు.

గురువు పాఠం చెబుతుంటే తిప్పన ఒక్క ముక్క రాసేవాడు కాదు. "అంతా బుర్రలో ఉంది" అనేవాడు. మాచన గురువు తుమ్మినా రాసేవాడు. వంచిన తల ఎత్తితే ఒట్టు! నాగసాని ముందు వినేది, ఆ తర్వాత నాలుగు మాటలు రాసుకునేది.

తాటాకు మీద గంటంతో గీస్తే అక్షరం కంటికి ఆనదు పిల్లలూ. దీపపు మసి రుద్ది తుడిస్తేనే నల్లగా తేలుతుంది. నాగసాని ఏ రోజు ఆకుకు ఆ సాయంత్రమే మసి పూసేది. ఆకు పక్కన పెట్టి, పాఠాన్ని తన మాటల్లో గురువుకు ఒప్పజెప్పేది. తప్పిన చోట దిద్దుకునేది.

"నువ్వూ పూసుకోరా మాచనా" అంటే, "ముందు రాయనీ అక్కా, అన్నిటికీ ఒకేసారి పూస్తాను" అనేవాడు. ఆ రోజు రానేలేదు.

ఒక వానాకాలం నాగసాని తన ఆకుల కట్ట చంకన పెట్టుకుని ఊరికి వెళ్ళింది. ఆమె వెళ్ళగానే గురువుకు గొంతువాపు వచ్చింది. మాట పడిపోయింది, జ్వరంతో ఒళ్ళు తెలియలేదు. దానికి మందు ఆయన కిందటి నెలే చెప్పాడు.

మొదటి రోజు తిప్పన కషాయం కాచబోయాడు. కరక్కాయ ముందా, పిప్పళ్ళు ముందా? ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు.

రెండో రోజు మాచన కట్టలన్నీ విప్పాడు. మూడు వందల ఆకులు! ఏ ఆకులో ఏముందో కనబడితేగా? మసి రుద్దుతూ వెతుకుతూ ఉండగానే పొద్దు గూకింది.

మూడో రోజు నాగసాని వచ్చింది. ఒక్క ఆకు తీసి చూసింది. కషాయం కాచి పోసింది.

గురువు బతికాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

"మందు ఒక్క రోజు ముందు పడినా గొంతు దక్కేదిరా" అని నాగసాని కళ్ళు తుడుచుకుంది. మాచనకు అన్నం సయించలేదు. ఆకులు ముందేసుకుని ఒక్కొక్కదానికీ మసి పూస్తూ కూర్చున్నాడు. ఒక ఆకు మీద, తన చేతిరాతలోనే, గురువు మాట తేలింది.

"మాచనా, ఆ గంటం కాసేపు కింద పెట్టి నా వైపు చూడు నాయనా."

అయ్యో, ఆ మాటను కూడా రాసుకున్నాడే గాని వినలేదు! పరుగున వెళ్ళి గురువు ముందు కూర్చున్నాడు, తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. గురువు అతని తల నిమిరాడు. చెప్పడానికి ఆయనకు గొంతు లేదు.

చెవి విననిది చెయ్యి ఎంత రాసినా చదువు కాదు. ఏనాటి పాఠం ఆనాడే మననం చేసుకోవాలి.